ఒకే అద్దం రెండుసార్లు

ఆవిడ కొట్లోకి వచ్చినప్పుడు అమ్మమ్మ మొదట చూసింది ఆవిడ జుట్టుని. భుజాల మీదుగా నడుం దాకా తడిసి ముద్దయి ఉంది. బయటేమో మండుటెండ. పక్క కొట్టు రేకుల మీద పిచ్చుక కూడా కాలు పెట్టలేనంత ఎండ. అంత తడి జుట్టుతో మనిషి గుమ్మం దాటి బల్ల దాకా నడిచి వచ్చినా నేల మీద ఒక్క చుక్క పడలేదు.

దొంగ అనుకుంది అమ్మమ్మ. ఎలాంటి దొంగో ఇంకా తేల్చుకోలేదు, అంతే.

కళ్ళద్దాల కొట్టు అది. ముందు గదిలో ఫ్రేముల బీరువా, ఎత్తు కుర్చీ, ఎదురు గోడకు అక్షరాల అట్ట. అట్ట మీద పైన పలకంత అక్షరం, కిందికి వచ్చేసరికి చీమంత. అమ్మమ్మ బడికి పోలేదు. ఈ కొట్లో కాపురానికి వచ్చాక ఆ అట్ట మీదే అక్షరాలు నేర్చుకుంది, పై వరస నుంచి కింది వరసకు. తర్వాత అద్దాలు చుట్టి వచ్చే పాత పేపర్లు, ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా. ఇప్పటికీ ఎక్కడైనా మరీ చిన్న అక్షరాలు కనబడితే ఎవరో ఏదో దాస్తున్నారని ఆమెకు అనుమానం. ముందు గది వెనకాల అద్దాలకు సానపట్టే గది. దానికి మూడేళ్ళుగా తాళం.

"చూపు ఆనడం లేదా?" అని అడిగింది అమ్మమ్మ.

"చూపు బాగానే ఉందండీ. నేను మీ అమ్మాయి దగ్గర్నుంచి వస్తున్నాను."

బల్ల చివర కూర్చుని ఫ్రేములకు మరలు బిగిస్తున్న మనవరాలు చేతిలోది వదిలేసింది. చిన్న మర ఒకటి దొర్లుకుంటూ బీరువా కిందకు పోయింది. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. ముఖంలో సగం కళ్ళద్దాలే కాబట్టి వీధంతా 'గూబ' అంటుంది. అమ్మమ్మది కూడా అదే పిలుపు.

"మా అమ్మాయి ఊళ్ళో లేదు," అంది అమ్మమ్మ.

"తెలుసండీ. ఎక్కడుందో చెప్పడానికే వచ్చాను."

ఆ మాటతో ఇదివరకు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన రైల్లో చూశానన్నాడు. ఒకావిడ ఆసుపత్రిలో చూశానంది. అందరూ ఏదో ఒకటి ఆశించి వచ్చినవాళ్ళే. అమ్మమ్మ అందరినీ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి, గుమ్మం దాకా సాగనంపింది.

జరిగింది ఇదీ. గుట్ట మీద నక్షత్రాలు చూసే కేంద్రం వాళ్ళు పళ్ళెమంత అద్దం ఒకటి చేసిపెట్టమని అడిగారు. అమ్మమ్మ కూతురు, అంటే గూబ వాళ్ళమ్మ, ఆ అద్దం పని మీద కూర్చుంది. నెలల తరబడి తిండి దగ్గర కూడా దాని ఊసే. అది పూర్తయిన రోజు మధ్యాహ్నం భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, "ఒకసారి చూసుకొస్తానే" అంటూ సాన గదిలోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. లోపల చెప్పులు ఉన్నాయి. స్టాండులో అద్దం ఉంది. మనిషి లేదు. కిటికీకి ఊచలు, ఉన్నది ఒకటే తలుపు, ఆ తలుపు ఎదురుగా అమ్మమ్మ. అయినా వీధి వీధంతా ఎవరితోనో వెళ్ళిపోయిందని చెవులు కొరుక్కుంది. అమ్మమ్మ మాత్రం ఆ అద్దాన్ని అనుమానించింది. దాని వైపు కన్నెత్తి చూడకుండానే నల్లగుడ్డ కప్పి, గదికి తాళం వేసి, గుట్ట మీది వాళ్ళు వస్తే పగిలిపోయిందని అబద్ధం చెప్పి పంపేసింది.

"ఎక్కడుందట?" అని అడిగింది ఇప్పుడు, బల్ల తుడుస్తూ.

"చాలా కాలం కిందట ఆరిపోయిన నక్షత్రం ఒకటుందండీ," అంది తడిజుట్టావిడ. "అది ఆరిపోయినా దాని వెలుగు ఇంకా దారిలోనే ఉంది, నడుస్తూనే ఉంది. మీ అమ్మాయి సానపట్టిన అద్దం మరీ నిక్కచ్చిగా కుదిరింది. ఆ వెలుగుకు దారి తెరుచుకుంది. తను తొంగి చూసింది. జారింది."

"ఓహో."

"అలా జారిపడ్డవాళ్ళని ఏరుకుని ఇళ్ళకు చేర్చడం మా పని. మాకు పడవలున్నాయి. తను ఆ నక్షత్రం గట్టు మీద ఉంది, క్షేమంగానే ఉంది. మీకు మూడేళ్ళు కానీ అక్కడ ఒక్క మధ్యాహ్నమే. కానీ ఆ వెలుగులో చివరి తునక ఇవాళ మీ ఇంటి మీదుగా దాటిపోతోంది. పొద్దు వాలితే ఇంక దారి ఉండదు. మీరొకసారి ఆ గది తీసి, తనని పిలిస్తే..."

"గది తియ్యాలా!" అమ్మమ్మ గుడ్డ కింద పడేసింది. "అదీ సంగతి. ఇంతసేపూ చుక్కలూ పడవలూ అంటూ ఎక్కడెక్కడో తిప్పావు. గదిలో అద్దం కోసమా?"

"అమ్మమ్మా, ఒక్కసారి వినవే..." అంది గూబ.

"నువ్వు మరలు బిగించు. ఇదిగో అమ్మా, ఆ కుర్చీలో కూర్చో. కళ్ళు చూస్తాను."

"అమ్మమ్మా, ఆ పరీక్ష వద్దే!"

అమ్మమ్మ వినలేదు. ఆ పరీక్ష ఆమె సొంతం. కళ్ళు చూసేటప్పుడు ముక్కు మీద ఉత్త ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి తీసి, ఇంకొకటి వేసి, "ముందుదా, తర్వాతదా, ఏది బాగుంది?" అని అడగడం అందరూ చేసేదే. అమ్మమ్మ ఏం చేస్తుందంటే, రెండోసారి కూడా గుట్టుచప్పుడు కాకుండా మొదటి అద్దమే వేస్తుంది. నిజాయితీ ఉన్నవాళ్ళు కాసేపు తికమకపడి "రెండూ ఒకటిగానే ఉన్నాయే" అంటారు. దాచడానికి ఏదైనా ఉన్నవాళ్ళు, ఎదుటివాళ్ళని మెప్పించాలనుకునేవాళ్ళు ఠక్కున ఏదో ఒకటి చెప్పేస్తారు. సరదాకి కళ్ళజోడు కావాలనుకునే కుర్రకారు, చూపు పోయినా లారీ నడపాలనుకునే ముసలి డ్రైవర్లు, అందరూ అక్కడే దొరికిపోతారు. అల్లుడు కూడా పెళ్ళిచూపులకు వచ్చిన రోజే దొరికిపోయాడు. "తర్వాతదే బ్రహ్మాండంగా ఉందండీ అత్తయ్యగారూ" అన్నాడు. కూతురు వినకుండా పెళ్ళి చేసుకుంది. గూబకు నడక రాకముందే ఆయన ఉద్యోగం చూసుకొస్తానని వెళ్ళాడు, ఇప్పటికీ చూసుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత కూతురు కూడా పరీక్షను నమ్మింది. ఈ కిటుకు అమ్మమ్మకీ, కూతురికీ, గూబకీ తప్ప బయట ఎవరికీ తెలియదు.

తడిజుట్టావిడ బుద్ధిగా కూర్చుంది. అమ్మమ్మ అద్దం వేసింది, తీసింది, అదే అద్దం మళ్ళీ వేసింది.

"ముందుదా, తర్వాతదా?"

"తర్వాతదండీ," అంది ఆవిడ, ఆలోచించకుండా.

అమ్మమ్మ ఫ్రేము తీసి పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఇంక లేవొచ్చు. గుమ్మం అటు."

"అమ్మమ్మా!"

"నోర్ముయ్. వెళ్ళమ్మా వెళ్ళు. మా చెవుల్లో పువ్వులు పెట్టడానికి చోటు లేదు."

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. వెళ్ళిపోవడమంటే ఎక్కడికో పోలేదు. రోడ్డు దాటి, ఎదుటి గోడ నీడలో ఉన్న బెంచీ మీద కూర్చుని కొట్టు వైపే చూస్తూ ఉంది.

అది చూసేసరికి అమ్మమ్మ ఊరుకోలేకపోయింది. పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయన్ని కేకేసి, సాన గది తలుపుకు ఇంకో తాళం బిగించమంది. ఆయన గొళ్ళెం, మేకులు, సుత్తి పట్టుకుని వచ్చి తలుపు కేసి చూసి నిట్టూర్చాడు.

"ఇప్పటికే రెండున్నాయి పిన్నిగారూ. చెక్క కంటే ఇనుమే ఎక్కువైంది. ఇంక తలుపు పీకేసి ఉత్త తాళాలే వేలాడదీసుకోండి."

"నోరు కాదు, చెయ్యి ఆడించు."

"అంతలా దాచుకోవడానికి లోపల ఏముందండీ?"

"ఏమీ లేదు. అందుకే దాస్తున్నా. నీకెందుకు?"

"నాకెందుకండీ. అడిగానంతే." ఆయన రెండు మేకులు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "కానీ ఒక్క మాట. తాళం వేసిన చోటు చూస్తూ పట్టపగలు, నడిరోడ్డు మీద, అందరికీ కనబడేలా కూర్చునే దొంగని నా సర్వీసులో చూడలేదు."

"అది కొత్తరకం."

మాటల్లో పడి అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి బల్ల దగ్గర గూబ లేదు. గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. పిల్ల బెంచీ దగ్గర నిలబడి ఆవిడతో మాట్లాడుతోంది. ఆ దూరం, పిల్ల ముందుకు వంగి వింటున్న తీరు చూసి అమ్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఉన్నది ఆ ఒక్క పిల్ల. ఆవిడ లేచి చెయ్యి పట్టుకుని రెండడుగులు వేస్తే చాలు.

"గూబా! లోపలికి రా! ఇప్పుడే!"

పిల్ల కదలకుండా రోడ్డు అవతలి నుంచే అరిచింది. "అమ్మ కూడా ఈవిడకి అదే పరీక్ష పెట్టిందట అమ్మమ్మా! ఒకే అద్దం రెండుసార్లు!"

అమ్మమ్మ గుమ్మం పట్టుకుంది. లోపల సుత్తి చప్పుడు ఆగిపోయింది.

ఆమె అటూ ఇటూ చూడకుండానే రోడ్డు దాటింది. సైకిలు మీద పోయేవాడొకడు తిట్టుకుంటూ పక్కకు తిప్పుకున్నాడు. ముందు మనవరాలి జడ చేతికి చుట్టుకుని, అప్పుడు ఆవిడ వైపు తిరిగింది.

"ఆ కిటుకు నీకెవరు చెప్పారు?"

"చెప్పలేదండీ, చేసింది. ఏప్రను జేబులో చిన్న అద్దం ఒకటి ఉంది తన దగ్గర. నేను చెయ్యి ఇస్తే పట్టుకోలేదు. ముందు కూర్చో అంది. కంటికి అద్దం పెట్టింది, తీసింది, పెట్టింది. ఏది బాగుంది అంది. తర్వాతది అన్నాను. అప్పట్నుంచి నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. మా పడవలో ఉన్నవాళ్ళందరికీ పెట్టింది. అందరం తప్పాం."

ఒక్క క్షణం అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. "నా కూతురు మరి!" అంది. ఆ వెంటనే ఆ మాటకు అర్థం ఏమిటో తెలిసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కూతురు నిజంగానే ఎక్కడో చిక్కుకుని ఉంటే, తీసుకురావడానికి వచ్చిన చేతిని తను నేర్పిన పరీక్ష పెట్టే తోసేస్తోంది.

ఇదంతా నిజమైతే కదా.

"నిజంగా నీకు తర్వాతదే బాగా కనిపించిందా?" అని అడిగింది. "రెండూ ఒకటే అద్దం. తేడా ఎక్కడుంది?"

ఆవిడ ఆశ్చర్యపోయింది. "అద్దం ఒకటేనండీ, తెలుసు. కానీ మొదటిసారి చూసిన వెలుగు వెళ్ళిపోయింది కదా. మీరు అడిగేసరికి ఉన్నది రెండోదే. లేనిదాన్ని బాగుందని ఎలా చెప్పను?"

అమ్మమ్మ తన జన్మంతా అందుకు ఎదురుగా నడిచింది. వెళ్ళిపోయినవాళ్ళే బాగున్నట్టు, ఉన్నవాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచాల్సినట్టు. గూబను ఆఖరిసారి ఎప్పుడు దగ్గరికి తీసుకుందో గుర్తు రాలేదు. ఇప్పుడు కూడా జడే పట్టుకుని ఉంది, పిల్లని కాదు.

"మాటకారివి," అంది చివరికి. "మాటకారులంటే నాకు మరీ భయం."

"నమ్మకపోయినా పర్వాలేదండీ. పొద్దు మాత్రం వాలుతోంది."

గూబ అమ్మమ్మ కేసి చూసింది, అంతే. బతిమాలే చూపు కూడా కాదు. తలుపు తీయకపోతే జన్మలో మరిచిపోనని చెప్పే చూపు.

తాళాలాయన మూడో తాళం బిగించి, తాళంచెవి నూనెగుడ్డతో తుడుస్తూ ఎదురొచ్చాడు. "అయిపోయింది పిన్నిగారూ. ఇంక ఏనుగొచ్చినా కదలదు."

"తియ్యి."

"ఏంటీ?"

"మూడూ తియ్యి."

"ఇప్పుడే కదండీ బిగించాను! మేకుల నొప్పి ఇంకా నా పళ్ళ మీదే ఉంది!"

"తీసి, ఆ సుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడు. నేను కేకేస్తే ఈవిడ నెత్తి మీద ఒక్కటి వెయ్యి. గట్టిగా."

ఆయన తడిజుట్టావిడ కేసి ఇబ్బందిగా చూశాడు. ఆవిడ "పర్వాలేదండీ" అన్నట్టు తల ఊపింది.

సాన గది తెరుచుకునేసరికి పాత దుమ్ము, నూనె, మెరుగుపెట్టే ఎర్రపొడి వాసన గుప్పుమంది. సానరాయి పక్కన నీళ్ళతొట్టి ఎండిపోయి అడుగున ఎర్రగా పగుళ్ళు తేలింది. గోడవారన కూతురి చెప్పులు అలాగే ఉన్నాయి. అమ్మమ్మ వాటిని చూడకుండా నడిచింది. కిటికీ ముందు స్టాండు, దాని మీద నల్లగుడ్డ.

"అంచు ముట్టుకోకండి," అంది తడిజుట్టావిడ, గుడ్డ లాగుతూ.

మామూలు అద్దమైతే అందులోంచి కిటికీ అవతలి ఇటుకగోడ కనబడాలి. ఇందులో బూడిదరంగు గట్టు కనబడింది. ఇసుక కాదు, రాయీ కాదు, కాలి చల్లారిన పొయ్యిలో మిగిలే గుల్లలాంటిది. దాని అంచున వెలుగు ఏరులా పారుతోంది. ఏటి మీద వెడల్పాటి పడవ ఒకటి ఊగుతూ ఉంది. గట్టు మీద, ఇటు వీపు పెట్టి, మోకాళ్ళు కావలించుకుని ఒక మనిషి కూర్చుని ఉంది. ఒంటి మీద ఏప్రను. వట్టి కాళ్ళు. జుట్టు ముడిలో పెన్సిలు.

"అమ్మ," అంది గూబ.

అమ్మమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. అయినా ఆమె మెదడులో ఒక మూల, ఇది సినిమా బొమ్మలాంటిది ఏదైనా అయ్యుండొచ్చుగా అంటూనే ఉంది.

తడిజుట్టావిడ సగం దించిన షట్టరు కింద నుంచి దూరినట్టు తల వంచి అద్దంలోకి వెళ్ళిపోయింది. గుమ్మంలో తాళాలాయన సుత్తి పట్టుకునే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అవతల గట్టు మీద ఆవిడ నిలబడి చెయ్యి చాపింది. కూతురు చప్పుడు విని తిరిగి చూసి, దోమను తోలినట్టు చెయ్యి విదిలించి ఇంకాస్త వెనక్కి జరిగింది. ఆమె జరిగిన చోట గట్టు పెళ్ళలుగా విరిగి ఏట్లో పడింది.

"అమ్మడూ!" అని అరిచింది అమ్మమ్మ. "ఇటు చూడవే! నేనే!"

కూతురు తల ఎత్తి నలుదిక్కులా చూసింది. ఆమెకు ఇటువైపు కనబడుతున్నట్టు లేదు. కాసేపు విని, తల ఊపింది.

"భలే," అంది. "అచ్చం మా అమ్మ గొంతే. ఎక్కడ కొన్నారు?"

"కొనడమేంటే! నేనేనే పిచ్చిదానా. ఆవిడ మంచిదే. ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చెయ్యి."

"చూశారా, అక్కడే దొరికిపోయారు. మా అమ్మ ఇంకొకళ్ళని మంచిదని అనదు. పాలు పోసేవాడిని గుమ్మం ఇవతలికి రానివ్వదు. సొంత అల్లుడికి పరీక్ష పెట్టింది. ముక్కూ మొహం తెలియనిదాని చెయ్యి పట్టుకోమని చెబుతుందా?"

అమ్మమ్మ గొంతు మార్చింది. "బంగారుతల్లీ, భయపడకమ్మా. నా మాట నమ్ము."

"బంగారుతల్లా!" కూతురు నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు వినబడింది. "ఆ మాట మా అమ్మ నన్ను ఏనాడూ అనలేదు. అనుంటే గుర్తుండేది."

గూబ అమ్మమ్మ చేతి కింద నుంచి ముందుకు తోసుకొచ్చింది.

"అమ్మా! నేను, గూబని! వచ్చెయ్యమ్మా!"

కూతురి ముఖం బిగుసుకుపోయింది. "నా గూబ గొంతు పిచ్చుకలా ఉంటుంది. ఇదెవరో పెద్దపిల్ల. దాన్ని కూడా వదల్లేదా మీరు? సిగ్గులేదా?"

గూబ చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి తగ్గింది. మూడేళ్ళుగా ఆ పిల్ల ఎదురుచూసింది ఈ మాట కోసం కాదు.

అద్దంలో వెలుగు పలచబడుతోంది. ఏరు సన్నగిల్లి పడవ అడుగు గుల్లకు రాసుకుంటున్న చప్పుడు వినబడింది. తడిజుట్టావిడ ఇటు తిరిగి చూసింది. "ఇంక ఎక్కువసేపు లేదండీ," అంది. మొదటిసారి ఆవిడ గొంతులో కూడా కంగారు వినబడింది.

నమ్ము అన్నకొద్దీ పరాయిదానిలా వినబడుతోంది. తియ్యగా మాట్లాడినకొద్దీ దొంగలా వినబడుతోంది. పోనీ ఇప్పుడు తనకైనా నమ్మకం ఉందా అంటే, లేదు. ఆవిడ ఎవరో, పడవ ఎక్కడికి పోతుందో, వచ్చేది తన కూతురే అవునో కాదో, ఏదీ తెలియదు. అయినా మూడు తాళాలూ తీయించి ఇక్కడ నిలబడింది కదా. నమ్మి నిలబడలేదు. ఉండలేక నిలబడింది.

"సరే," అని అరిచింది అమ్మమ్మ. "నమ్మకు!"

కూతురు తల ఎత్తింది.

"నన్ను నమ్మకు, ఆవిణ్ణి నమ్మకు, ఎవరినీ నమ్మకు! నమ్మకుండానే రా! నాకు మాత్రం నమ్మకం ఉందనుకున్నావా? ఈవిడ దొంగో దొరో నాకు తెలియదు. ఇక్కడ ఒకడిని సుత్తి ఇచ్చి నిలబెట్టాను. నువ్వూ ఓ రాయి తీసుకో. ఒక చేత్తో ఆవిణ్ణి పట్టుకో, ఇంకో చేత్తో రాయి పట్టుకో. దారిలో ఏ కాస్త తేడాగా ఉన్నా నెత్తి పగలగొట్టు. ఇక్కడికొచ్చి నా మొహం చూడు. నేను నేను కాకపోతే నా నెత్తి కూడా పగలగొట్టు. అనుమానం ఉన్నదానివి లేచొచ్చి తేల్చుకోవాలా, లేకపోతే అక్కడే చతికిలబడి అనుమానపడుతూ మునిగిపోతావా? అదేం అనుమానమే? బద్ధకం! నిన్ను ఇందుకా నేను పెంచింది?"

గుమ్మంలో తాళాలాయన కళ్ళు తెరిచాడు.

గట్టు మీద కూతురు మెల్లగా లేచి నిలబడింది. "ఇప్పుడు తిట్టింది ఎవరు?" అని అడిగింది.

"ఎవరైతే నీకెందుకు? నమ్మొద్దన్నాగా."

"కాస్త మా అమ్మలానే ఉంది," అని గొణిగింది. వంగి, గుల్లలోంచి పిడికెడంత రాయి ఏరి, బరువు చూసి, అది పడేసి ఇంకాస్త పెద్దది తీసుకుంది. తర్వాత తడిజుట్టావిడ చేతిని రెండు వేళ్ళతో, మసిగుడ్డ పట్టుకున్నట్టు పట్టుకుంది. "ముందు నువ్వు నడువు. వెనక్కి తిరిగావంటే వేసేస్తా."

వాళ్ళు పడవ ఎక్కారు. ఆ కొద్ది దూరం దాటడం అమ్మమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. ఏరు చోటుచోటా ఆరిపోయి, పడవ ఒక వెలుగు మడుగు నుంచి ఇంకో మడుగుకు ఈడ్చుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. కూతురు రాయి ఎత్తింది. తడిజుట్టావిడ తిరగలేదు, మాట్లాడలేదు, తెడ్డు వేస్తూనే ఉంది. రాయి దిగింది. పడవ కదిలింది.

అద్దం అంచులోంచి మొదట వట్టి పాదం ఒకటి వచ్చింది, తర్వాత ఏప్రను, తర్వాత మనిషి. కూతురు సానరాయికి కొట్టుకుని తూలి నిలబడింది. వెనకాల తడిజుట్టావిడ చెయ్యి ఆమెను ముందుకు తోసి, వెంటనే వెనక్కి పోయింది. అమ్మమ్మ ఆవిడతో ఏదో అనాలని నోరు తెరిచింది. ఏమనాలో తోచేలోగా అద్దంలో ఇటుకగోడ కనబడింది. మామూలు గోడ, దాని మీద సాయంత్రపు ఎండ.

ఆవిడతో ఒక్క మంచి మాట కూడా అనలేకపోయానే అనుకుంది అమ్మమ్మ. నేనెప్పుడూ ఇంతే.

కూతురు మూలకు జరిగి, గోడకు వీపు ఆనించి, రాయి ఎత్తి పట్టుకుంది. తల్లిని కింద నుంచి పై దాకా చూసింది.

"ముసలిదానివైపోయావేంటి?"

"నువ్వు ఆలస్యం చేస్తే నేనేం చెయ్యను?"

"ఇందాకే కదా అన్నం తిన్నాం!"

"మూడేళ్ళయింది తల్లీ. గిన్నెలు కూడా తోమేశాను."

కూతురు నవ్వబోయి ఆపుకుంది. చూపు పక్కకు పోయింది. అక్కడ గుమ్మం దగ్గర గూబ నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి. పరుగెత్తుకొస్తుందని అమ్మమ్మ అనుకుంది. పిల్ల కదల్లేదు.

"ఆ పిల్లెవరు?" అని కూతురు గొంతు తగ్గించి అడిగింది. "నా కూతురు ఇంత ఉంటుంది," అంటూ రాయి ఉన్న చేత్తో తన నడుం దగ్గర చూపించింది.

"నేను వినలేదనుకోకు," అంది గూబ. "నువ్వు మా అమ్మవేనని గ్యారంటీ ఏంటి?"

అమ్మమ్మ ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరి తరఫున మాట్లాడాలో తెలియక ఊరుకుంది. ఇది నీ కూతురే, అది మీ అమ్మే అని ప్రమాణం చేసినా ఈ ఇద్దరూ వినరు. ఆ సంగతి ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? తాళాలాయన సుత్తి సంచిలో వేసుకుని, కాళ్ళ చప్పుడు కాకుండా తన కొట్టుకు వెళ్ళిపోయాడు.

కూతురు కళ్ళు చిట్లించి పిల్ల ముఖంలోకే చూస్తోంది. చూసి చూసి అంది, "ఆ ఫ్రేము ఎవరు బిగించారు? ఎడమవైపు చెవి మీద ఎత్తుగా ఉంది."

"నేనే బిగించుకున్నాను."

"తెలుస్తోంది. తలనొప్పి రావడం లేదూ?"

"వస్తోంది. అయితే నీకేంటి?"

"తీసి ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"ఇవ్వొద్దులే. పెట్టుకునే ఉండు. కాస్త దగ్గరికి రా."

గూబ ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకొకటి వేసింది. కూతురు వంగి ఒక చేత్తో ఫ్రేము కాడ పట్టుకుంది. అది వంగలేదు. కళ్ళజోడు కాడ వంచాలంటే ఒక చెయ్యి ముక్కు దగ్గర ఆసరాగా ఉండాలి, ఇంకో చెయ్యి చెవి దగ్గర. ఎంత పని తెలిసినవాళ్ళకైనా అంతే. ఆమె పిల్ల ముఖం చూసింది, చేతిలో రాయిని చూసింది, మళ్ళీ పిల్ల ముఖం చూసింది.

ఆ తర్వాత రాయిని కిటికీ గూట్లో పెట్టింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే.